చక్రం కడుపులో ఊపిరి

బండిని చూస్తే చక్రం కనిపిస్తుంది. చక్రాన్ని చూస్తే టైరు కనిపిస్తుంది. ట్యూబు మాత్రం చెడిపోయిన రోజునే కనిపిస్తుంది. నడిబజారులో, ఎర్రటి ఎండలో, టైరు వొలిచి దాన్ని బయటికి లాగి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడబుడమని బుడగలు పైకి వస్తూంటే, అప్పుడు గాని "ఓహో, ఇన్నాళ్ళూ మనల్ని మోసింది ఇదన్నమాట" అని తోచదు. అంతటి అజ్ఞాతవాసి మీద ఒక వ్యాసమేమిటని పాఠకులు అనవచ్చు. తెలుగు పాఠాలు చెప్పుకునే మేష్టరుకి టైర్ల గొడవ దేనికని మా ఇంట్లోనే అన్నారు. దీనికంతకీ కారణం ఒక శిష్యుడు వేసిన ప్రశ్న.

ఆ శిష్యుడు మన డెల్టా రైతు బిడ్డే. ఇప్పుడు అమెరికాలో, డల్లాసు నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ నగరానికి దక్షిణంగా ఎన్నిస్ అనే ఊళ్ళో టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ అని ఒక పందెపు బాట వుంది. 1986లో ప్రారంభమైంది. అక్కడ జరిగేవి వంపులు తిరిగే పందాలు కావు. రెండు కార్లు పక్క పక్కన నిలబడతాయి, దీపం వెలుగుతుంది, తిన్నగా ముందుకు దూకుతాయి, కొద్ది సెకండ్లలో అంతా అయిపోతుంది. వీటిని డ్రాగ్ పందాలంటారు. మావాడు ఒక ఆదివారం వెళ్ళి చూసి, రాత్రి ఫోను చేశాడు.

"మేష్టారూ, ఇక్కడ ఊళ్ళో తిరిగే కార్లలో ట్యూబు అన్నమాటే లేదండి. అన్నీ ట్యూబులెస్సు టైర్లే. కాని ఈ పందెపు కార్లు కొన్నిటికి మాత్రం, పనిగట్టుకుని టైర్లలో ట్యూబులు పెడుతున్నారు. మా నాన్న ట్రాక్టరు గుర్తొచ్చిందండి నాకు. అంత వేగంగా పోయే కారుకీ, దమ్ములో పాకే ట్రాక్టరుకీ పోలికేమిటంటారు?"

పాతబడిపోయిందని లోకం వదిలేస్తున్న వస్తువు, బురదలో నెమ్మదిగా నడిచే బండిలోనూ, అందరికంటె దూకుడుగా వురికే బండిలోనూ మిగిలివుండటం నాకూ వింతగానే తోచింది. ఎక్కడ వుండాలో, ఎక్కడ వుండకూడదో తెలుసుకుంటే ట్యూబు కథంతా తెలిసినట్టే. అది తెలియక మన రోడ్ల మీద ప్రమాదాలు కొనితెచ్చుకునేవాళ్ళూ వున్నారు గనక, విషయం కేవలం వినోదం కూడా కాదు.

తిత్తి పుట్టిన వైనం

గాలిని తిత్తిలో బంధించి పని చేయించుకోవటం మనకు కొత్త కాదు. కంసాలి కొలిమి తిత్తి, ఈతకి కట్టుకునే సొరకాయ బుర్ర – అన్నీ ఆ కోవలోవే. ఆ గాలి మీద బండి నడపవచ్చునన్న ఆలోచన మాత్రం స్కాట్లాండు దేశస్థుడు రాబర్ట్ విలియం థామ్సన్‌ది. 1845లో, ఇరవై మూడేళ్ళ వయసులో అతను పేటెంటు పుచ్చుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డతో గొట్టం, దాని మీద తోలు కవచం. అంటే లోపల ట్యూబు, పైన టైరు అన్న ఏర్పాటు మొదటి రోజునే వుందన్నమాట. అంతకు ఆరేళ్ళ ముందు, 1839లో, అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో వేడి చేసి గట్టిపరచటం కనిపెట్టాడు. కాని థామ్సన్ నాటికి మోటార్లూ లేవు, ఈనాటి సైకిళ్ళూ లేవు. గుర్రపు బగ్గీలకి అంత ఖరీదైన చక్రాలెందుకని జనం వదిలేశారు.

నలభై ఏళ్ళ తరువాత బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడుగా వున్న జాన్ బాయిడ్ డన్లప్‌కి ఆ సంగతి తెలియదు. 1887లో తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళబాట మీద ఎగిరెగిరి పడకుండా వుండాలని, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి బిగించాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. జనం ఆ లావుపాటి చక్రాలను చూసి నవ్వారు. 1889 మే నెలలో విలియం హ్యూమ్ అనే అతను అదే ఊళ్ళో ఆ టైర్ల సైకిలు మీద పందాలు గెలిచేసరికి నవ్వులు ఆగిపోయాయి. థామ్సన్ ముందే కనిపెట్టాడని 1890లో డన్లప్ పేటెంటు చెల్లకుండా పోయినా, పేరు మాత్రం ఆయనకే నిలిచింది.

డన్లప్ టైరుతో ఒక చిక్కుండేది. చక్రానికి అంటించేసేవాళ్ళు గనక, పంచరు పడితే వొలవటానికి గంటలు పట్టేది. 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు వూడదీసి మళ్ళీ తొడిగే టైరు తయారుచేశారు. 1895లో ప్యారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగివచ్చే మోటారు పందెంలో, గాలి టైర్ల కారుని ఆ అన్నదమ్ములే స్వయంగా నడిపారు. దారిలో పంచర్ల మీద పంచర్లు. వెంట తీసుకువెళ్ళిన 22 ట్యూబులూ ఖర్చయిపోయాయని చెబుతారు. పందెం గెలవలేదు గాని, మోటారు కారు గాలి మీద నడుస్తుందని లోకానికి రుజువైంది.

చూశారా, ట్యూబు బిడ్డల బండిలో పుట్టినా, పందాల్లోనే పెరిగింది.

డెల్టాకి వచ్చిన గాలి

మన గోదావరి డెల్టాలో దూరపు ప్రయాణం చాలాకాలం నీటి మీదే జరిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారాయి. ధాన్యం, కొబ్బరి, మనుషులు – అన్నీ పడవల మీదే. రేవు నుంచి ఇంటికి, కళ్ళం నుంచి రేవుకి ఎడ్లబండి. ఆ బండికి చెక్క చక్రం, దానికి ఇనప కమ్మీ. నేల ఎండివుంటే ఫరవాలేదు. నల్లరేగడి వానకి నానితే ఆ సన్నని కమ్మీ కత్తిలాగా దిగిపోయేది. ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడేవి.

కలకత్తాకి ఎగువన, హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో 1936లో డన్లప్ వారి కర్మాగారం ప్రారంభమయ్యాక మన దేశపు టైర్లు మనకు దొరకసాగాయి. ముందు సైకిలు, తరువాత బస్సు, లారీ, ఆ తరువాత టైరు బండి. వెడల్పాటి రబ్బరు చక్రం నేలలోకి దిగబడదు, బరువుని పరుచుకుని పోతుంది. అంచేత అవే ఎడ్లు ఎక్కువ బస్తాలు లాగగలిగాయి. పల్లెటూళ్ళో టైరు బండి వున్న ఆసామీ అంటే ఒక హోదా.

ట్యూబు ఇంటి సామానులో కూడా చేరిపోయింది. పాత ట్యూబుని బద్దలుగా కోస్తే సైకిలు వెనక గడ్డిమోపు కట్టుకునే తాడు. పంగలకర్రకి కడితే కుర్రాళ్ళకి ఆయుధం. అతికి కుడితే నూతిలో చప్పుడు చెయ్యని రబ్బరు చేద. లారీ ట్యూబుకి గాలి కొడితే కాలవలో ఈత నేర్చుకునే పిల్లలకి తెప్ప. ఇక్కడ తల్లిదండ్రులకొక మాట. ఒడ్డున పెద్దవాళ్ళుంటేనే దాన్ని ఇవ్వండి. గాలి నిండిన ట్యూబు మీద చెయ్యి జారుతుంది, ప్రవాహంలో అది పిల్లవాడిని వదిలేసి తన దారిన తాను పోతుంది. అది ఆటవస్తువే గాని ప్రాణరక్షణ సాధనం కాదు.

చివరికి భాషలోకీ వచ్చింది. ఎవరి ఉత్సాహమైనా నీరుగారిస్తే "గాలి తీసేశాడు" అంటాం. డబ్బులన్నీ ఖర్చయితే "జేబు పంచరయింది" అంటాం. టైరు, ట్యూబు, పంచరు – మూడూ ఇంగ్లీషు మాటలే. అయినా వీటికి తెలుగు మాటలు కల్పించమని నన్నడిగితే నేను కల్పించను. చెప్పులు వేసుకోని వాడి నోట్లో కూడా నలిగిన మాట తెలుగు మాటే.

వదులైన ఉంగరం

శిష్యుడి ప్రశ్న పట్టుకుని నేను ముందుగా పుస్తకాల దగ్గరికి పోలేదు. రాజమండ్రిలో మా వీధి చివర పంచర్ల కొట్టు పెట్టుకున్న ముసలాయన దగ్గరికి వెళ్ళాను. నలభై ఏళ్ళుగా ఆ చెట్టు కిందే వున్నాడు.

"ఏం బాబాయ్, ట్యూబు ఎక్కువగా ఎక్కడ పోతుంది?" అన్నాను.

"మేకు గుచ్చుకుంటే ఎక్కడైనా పోద్దండి మేష్టారూ. ఆయ్. అది మన చేతిలో పనేనండి, ప్యాచీ వేసి పంపించేత్తాం. గాలి చూసుకోకుండా బండి తోలేవోళ్ళకి మాత్రం వాల్వు మొదట్లో తెగిపోద్దండి. అక్కడ తెగితే ప్యాచీ నిలబడదండి. కొత్త ట్యూబు కొనుక్కోవాల్సిందే."

"గాలి తక్కువైతే వాల్వు ఎందుకు తెగుతుంది?"

ఆయన నా చేతి వేలి వంక చూశాడు. "తవరు వారం రోజులు లంకణం చేశారనుకోండి, ఆ ఉంగరం ఏమవుద్దండి?"

"వదులై తిరుగుతుంది."

"టైరూ అంతేనండి, ఆయ్. గాలి కడుపునిండా వుంటే టైరు రిమ్ముని కరుచుకుని వుంటాది. గాలి తగ్గితే ఉంగరంలాగ రిమ్ము మీద తిరుగుద్దండి. లోపలున్న ట్యూబు టైరుతో పాటు పోతానంటాది. దాని వాల్వేమో రిమ్ము కన్నంలో ఇరుక్కుని వుండిపోద్ది. ఇంక ఇద్దరి మధ్యా తెగిపోక ఏమవుద్దండీ?"

నా ముందు ఒక పాత ట్యూబు పడేశాడు. వాల్వు మొదట్లో నెలవంకలాగ చీలివుంది. నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకోవలసిన సూత్రం అంతా ఆ చీలికలో వుంది. ఇంజను రిమ్ముని తిప్పుతుంది. రిమ్ము టైరుని తిప్పాలి. రెంటినీ కలిపి వుంచేది మేకులు కాదు, జిగురు కాదు. లోపలి గాలి టైరు అంచుని రిమ్ముకేసి అదిమి పట్టే పట్టు. మెకానిక్కులు ఆ అంచుని బీడింగ్ అంటారు. గాలి తగ్గినకొద్దీ ఆ పట్టు తగ్గుతుంది. అదే సమయంలో ఇంజను గట్టిగా లాగిందా, రిమ్ము ముందుకు తిరుగుతుంది, టైరు వెనకబడుతుంది, వాల్వు మొదలు బలి అవుతుంది.

కొట్టులో దీనికి చవకైన పరీక్ష వుంది. టైరు మీదా రిమ్ము మీదా కలిసేటట్టు సుద్దతో ఒక గీత గీస్తారు. వారం రోజుల తరువాత చూస్తే గీత రెండు ముక్కలై ఎడంగా కనిపిస్తే టైరు జారుతున్నట్టు లెక్క.

దమ్ములో నడక

ఇప్పుడు పొలంలోకి దిగుదాం. సార్వా అయినా దాళ్వా అయినా నాట్లకి ముందు చేను దమ్ము చెయ్యాలి. నీళ్ళు నిలిపి, మట్టిని వెన్నలాగ కలియదున్నాలి. పూర్వం ఆ పని ఎడ్లు, దున్నపోతులు చేసేవి. ఇప్పుడు ట్రాక్టరు చేస్తోంది. మరీ లోతు బురద అయితే టైర్లు వూడదీసి ఇనప దమ్ము చక్రాలు వేస్తారు. కొందరు టైరు పక్కనే సగం వెడల్పు ఇనప చక్రం తగిలిస్తారు. ఆ ఇనప చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది గనక, అది చట్టరీత్యా కూడదు. అంచేత మిగతా పనులన్నిటికీ టైర్లే.

పొలం పనిలో ట్రాక్టరు వెనక టైరుకి గాలి చాలా తక్కువ పెడతారు. గాలి కొట్టేవాళ్ళ భాషలో పాయింట్లు, అంటే చదరపు అంగుళానికి పౌన్ల లెక్క. మామూలు కారుకి 30 నుంచి 35 పాయింట్లు వుంటే, పొలంలో ట్రాక్టరు వెనక టైరుకి సుమారు 12 నుంచి 16. గాలి తగ్గిస్తే టైరు కొంచెం చదునై, నేల మీద ఎక్కువ మేర పరుచుకుంటుంది. నేలను పట్టుకునే చోటు పెరిగినకొద్దీ చక్రం వట్టినే గిర్రున తిరగకుండా ముందుకు లాగుతుంది. కొందరు బరువు కోసం ఆ ట్యూబులోనే ముప్పాతిక వంతు నీళ్ళు నింపుతారు. అప్పుడు లోపల గాలి పావు వంతు మాత్రమే.

ఇక్కడే చిక్కు. గాలి తక్కువ, లాగుడు ఎక్కువ. పంచర్ల కొట్టు బాబాయి చెప్పిన రెండు దోషాలూ ఒకచోటే కలిశాయి. కోత రోజుల్లో చేలోంచి తడి ధాన్యం ట్రక్కుని గట్టు ఎక్కించేటప్పుడు, డ్రైవరు క్లచ్చి ఒక్కసారి వదిలితే, వెనక టైరు రిమ్ము మీద జానెడు జారవచ్చు. వాల్వు తెగితే నీళ్ళూ గాలీ కలిసి బుస్సున చిమ్ముతాయి. సైకిలు చక్రంలాగా దాన్ని ఒకడు విప్పలేడు. నలుగురు మనుషులు, జాకీ, గునపాలు కావాలి. ఆకాశంలో మబ్బు పట్టివుంటుంది, కళ్ళంలో ధాన్యం ఆరబోసి వుంటుంది. అద్దె ట్రాక్టరు అరపూట ఆగిందంటే ఆ రైతుకి నష్టం ట్యూబు ఖరీదులో లెక్క తేలేది కాదు.

అయినా ట్యూబే ఎందుకంటే, బురద. టైరు అంచుకీ రిమ్ముకీ మధ్య బురద దూరుతుంది. ఎరువులు కలిసిన నీళ్ళకి రిమ్ము తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. అలాంటి రిమ్ము మీద ట్యూబు లేని టైరు గాలి నిలుపుకోవటం కష్టం. ట్యూబు వుంటే రిమ్ము ఎలా వున్నా గాలి తన తిత్తిలో తాను వుంటుంది.

పావు మైలు పరుగు

పొలం గట్టు నుంచి ఇప్పుడు ఆ అమెరికా పందెపు బాట మీదికి రండి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత కార్లకి పెద్ద ఇంజన్లు బిగించి రోడ్ల మీద పందాలు వేసుకునేవారు. ప్రాణాలు పోతూండేవి. వాళ్ళని వీధుల్లోంచి తప్పించి, నియమాలున్న బాటల మీదికి తీసుకురావటానికి 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. పందెం దూరం పావు మైలు, అంటే 1320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. 2008లో ఒక పందెగాడి మరణం తరువాత, మహావేగంగా పోయే తరగతులకు ఆ దూరాన్ని 1000 అడుగులకి తగ్గించారు. ఆ తరగతుల కార్లు నాలుగు సెకండ్ల లోపునే గంటకి 530 కిలోమీటర్ల వేగం దాటుతున్నాయి. అవి కోటీశ్వరుల బండ్లు. ట్యూబుల కథ ఎక్కువగా వున్నది, సెలవురోజున సరదాగా వచ్చి పది పన్నెండు సెకండ్లలో పావు మైలు పరుగెత్తే గృహస్థుల కార్లలో.

ఈ పందెంలో గెలుపు ఓటమి చాలావరకు మొదటి అడుగులోనే తేలిపోతుంది. ఇంజనుకి ఎంత బలమున్నా టైరు నేలను పట్టుకోకపోతే పొగ తప్ప పరుగు లేదు. అంచేత వీళ్ళు వాడే వెనక టైరుకి గాళ్ళూ గీతలూ వుండవు, నున్నగా వుంటుంది. మెత్తని రబ్బరు. పందేనికి ముందు దాన్ని తడిపి, నిలుచున్న చోటే గిర్రున తిప్పి, వేడెక్కించి, జిగురు పట్టేటట్టు చేస్తారు. 1950ల మొదట్లో పాత టైర్ల మీద నున్నని రబ్బరు అతికించి వాడేవారు. ఆ దశాబ్దం చివరికి మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎం అండ్ హెచ్ అనే కంపెనీ ఈ పందాల కోసమే టైర్లు చెయ్యసాగింది. తరువాత పక్కగోడలు పలచగా వుండే టైర్లు వచ్చాయి. కారు దూకే క్షణాన ఆ పక్కగోడలు పిండిన గుడ్డలాగా ముడతలు పడతాయి. ఆ ముడతే స్ప్రింగులాగా పనిచేసి, ఇంజను దెబ్బని ఒక్కసారిగా కాక వోర్చుకుంటూ నేలకి అందిస్తుంది.

అలా ముడత పడాలంటే టైరులో గాలి తక్కువ వుండాలి. ఎంత తక్కువ? కారు బరువునిబట్టి సుమారు 10 నుంచి 15 పాయింట్లు. సరిగ్గా మన ట్రాక్టరు లెక్కే!

గాలి తక్కువ, లాగుడు ఎక్కువ. కాబట్టి జబ్బు కూడా అదే. టైరు రిమ్ము మీద జారుతుంది. వాళ్ళూ మన కొట్టులో లాగే టైరుకీ రిమ్ముకీ కలిపి గీత గీసి, ప్రతి పరుగుకీ చూసుకుంటారు. జారకుండా వుండటానికి రిమ్ము అంచుకి చుట్టూ బెజ్జాలు వేసి, చిన్న చిన్న మరమేకులు టైరు అంచులోకి దిగేటట్టు బిగిస్తారు. బెజ్జాలు పడిన రిమ్ము గాలి ఆపలేదు. పలచని పక్కగోడల్లోంచీ కొంత గాలి పోతూంటుంది. ముడత పడ్డప్పుడు అంచు రవ్వంత లేచినా మిగిలిన గాలి పోతుంది. ఇన్ని కన్నాలున్న ఇంట్లో దీపం నిలబడాలంటే చిమ్నీ కావాలి. ఆ చిమ్నీయే ట్యూబు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. గాలి తక్కువ, లాగుడు ఎక్కువ అయిన చోటే ట్యూబు అవసరం. ఆ రెండూ కలిసిన చోటే ట్యూబు ప్రాణానికి ముప్పు. కాబట్టి ట్యూబు పెట్టినంత మాత్రాన రక్షణ లేదు. ముందు టైరుని రిమ్ముకి కట్టి వుంచాలి. అప్పుడే లోపలి తిత్తి బతుకుతుంది. మరమేకు మొన లోపలికి పొడుచుకు వచ్చిందా, రక్షణకి పెట్టిన మేకే ట్యూబుని పొడుస్తుంది. అందుకని మేకు పొడవు కొలిచి మరీ వేస్తారు. ట్యూబుకి పొడి రాస్తారు, టైరుతో రాపిడి తగ్గాలని. టైరుకీ ట్యూబుకీ నడుమ చిక్కుకున్న గాలిని బయటికి పోనిస్తారు. ట్యూబు బరువు చక్రానికి భారమని, అంచులు బిగించే ప్రత్యేకపు రిమ్ములు కొనుక్కుని ట్యూబు మానేసేవాళ్ళూ అక్కడ వున్నారు. ఖర్చు భరించగలిగితే అదీ ఒక దారే.

మావాడికి నేను చెప్పిన జవాబు ఇదే: "మీ నాన్న ట్రాక్టరూ ఆ కారూ ఒకే పని చేస్తున్నాయిరా. చాలని గాలితో చాలా బలం నేలకి అందిస్తున్నాయి. ఒకటి గంటసేపు నెమ్మదిగా చేస్తుంది, రెండోది పది సెకండ్లలో చేస్తుంది. తేడా అంతే."

ఆగమమా, ఆదేశమా?

ఆ తేడాలోనే మనకు పనికివచ్చే పాఠం వుంది. పది సెకండ్ల పరుగులో ట్యూబు వేడెక్కే వ్యవధి లేదు. దమ్ములో వేడెక్కేటంత వేగం లేదు. కాని మనం చేసే ప్రయాణం ఏమిటి? మే నెల మధ్యాహ్నం, రాజమండ్రి నుంచి విజయవాడకో విశాఖపట్నానికో జాతీయ రహదారి మీద, గంటకి ఎనభై, తొంభై వేగంతో రెండు మూడు గంటలు. టైరు ప్రతి చుట్టుకీ నలుగుతుంది. లోపల ట్యూబు వుంటే అది టైరుతో రాసుకుంటుంది. రాపిడికి వేడి, వేడికి రబ్బరు బలహీనం. ట్యూబు ఒకచోట చిల్లు పడితే గాలితో సాగివున్న రబ్బరు గనక సర్రున చీలిపోతుంది. వాల్వు కన్నం గుండా గాలి ఒక్కసారిగా పోతుంది. రెండు చక్రాల బండి మీద భార్యా బిడ్డలుండగా అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

ట్యూబు లేని టైరు ఈ చిక్కుకే విరుగుడు. అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసిన ఫ్రాంక్ హెర్జెగ్ దానికి 1952లో పేటెంటు పొందాడు. 1955 నాటికి అక్కడి కొత్త కార్లకి అదే మామూలైపోయింది. అంతకుముందు 1937లో కనిపెట్టిన బ్యూటైల్ రబ్బరుకి గాలిని పోనివ్వని గుణం సహజ రబ్బరు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ముందు ట్యూబులు దానితో చేశారు. తరువాత అదే జాతి రబ్బరుని టైరు లోపలి గోడకి పూతగా వేశారు. అంటే ట్యూబు మాయం కాలేదు, టైరులో లీనమైంది. అందులో మేకు దిగినా, రబ్బరు మేకుని పట్టుకుని వుంటుంది గనక గాలి సాధారణంగా మెల్లిగా పోతుంది. బండి ఆపుకునే వ్యవధి వుంటుంది.

వ్యాకరణం పాఠంలో మేం పిల్లలకి రెండు సంగతులు చెబుతాం. ఆగమం మిత్రుడిలాగా వచ్చి పక్కన చేరుతుంది. ఆదేశం శత్రువులాగా వచ్చి, వున్నదాన్ని తోసేసి తాను కూర్చుంటుంది. ట్యూబు టైరుకీ రిమ్ముకీ మధ్య చేరిన ఆగమం. ట్యూబులెస్సు వచ్చి దాన్ని తోసేసిన ఆదేశం. రెండూ సూత్రం ప్రకారం జరిగితేనే మాట కుదురుతుంది. ఎక్కడ ఏది రావాలో అక్కడ అది రావాలి.

మన ఊళ్ళల్లో తరుచు జరిగే పొరపాటు ఇక్కడ చెప్పాలి. సముద్రపు ఉప్పుగాలికో, వరద నీళ్ళకో రిమ్ము తుప్పు పడుతుంది. ట్యూబులెస్సు టైరు అంచులోంచి గాలి పోతూంటుంది. రిమ్ము బాగుచేయించటానికి ఖర్చవుతుందని, ఆ టైరులోనే ఒక ట్యూబు దూర్చేస్తారు. ఊళ్ళో నాలుగు వీధులు తిరగటానికి గడుస్తుంది. ఆ బండి మీదే పెళ్ళికని రహదారెక్కి వంద కిలోమీటర్లు పోతే గడవకపోవచ్చు. ట్యూబులెస్సు టైరు లోపలి గోడ ట్యూబు రాసుకోవటానికి అనువుగా చేసింది కాదు. రిమ్ము శుభ్రం చేయించటమో, మార్చటమో సరైన వైద్యం.

అట్లాగని ట్యూబు బండ్లున్నవాళ్ళు కంగారు పడవలసిన పనిలేదు. చువ్వల చక్రాల మోటారు సైకిళ్ళకీ, మామూలు సైకిళ్ళకీ ట్యూబే న్యాయం. చువ్వ చువ్వకీ రిమ్ములో ఒక కన్నం వుంటుంది గదా, ఆ కన్నాలు గాలి ఆపవు. అక్కడ జాగ్రత్తలు వేరు. రిమ్ముకీ ట్యూబుకీ మధ్య రబ్బరు పట్టీ చిరగకుండా వుండాలి, లేకపోతే చువ్వల మొనలు ట్యూబుని తింటాయి. కొత్త టైరు వేయించినప్పుడు పాత ట్యూబు సాగి మడత పడుతుంది గనక కొత్త ట్యూబు కూడా వేయించటం మేలు. వాల్వు దగ్గర అతుకు వేయించి దూర ప్రయాణం చెయ్యకూడదు. అన్నిటికంటె ముఖ్యం గాలి. పదిహేను రోజులకొకసారి, బండి చల్లగా వున్నప్పుడు, బండితో ఇచ్చిన పుస్తకంలో రాసినన్ని పాయింట్లు కొట్టించాలి. చూపుడు వేలితో నొక్కి "బానే వుందిలే" అనటం పరీక్ష కాదు.

రేపు పొద్దున్న పిల్లల్ని బడికి దింపటానికి బండి బయటికి తీసినప్పుడు, వెనక చక్రం వాల్వు వంక ఒక్కసారి వంగి చూడండి. నిటారుగా రిమ్ములోంచి నిలబడివుంటే సరే. ఒక పక్కకి వాలివుందంటే, గాలి చాలక టైరు జారిందన్నమాట. అలాగే గాలి కొట్టించకండి. ముందు ఉన్న గాలి తీయించి, టైరుని సర్దించి, వాల్వు తిన్నగా నిలిచాక అప్పుడు నింపించండి. పంచర్ల కొట్టులో అయిదు నిమిషాల పని. ఆలస్యమైతే బడిలో మేష్టరు కోప్పడతారనుకుంటే, నా పేరు చెప్పండి.